మూడు నిమిషాల థీసిస్ పోటీకి 612 పదాల స్క్రిప్టు: ఎక్కడ కొయ్యాలి?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లో పీహెచ్‌డీ మూడో ఏడు. వేరుశనగలో బూజు వల్ల చేరే విషం, అఫ్లటాక్సిన్ మీద పని. వచ్చే నెలలో త్రీ మినిట్ థీసిస్ పోటీ, అంటే థీసిస్ మొత్తాన్ని మూడు నిమిషాల్లో ఆ రంగం తెలియనివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం, మీ ఫ్యాకల్టీ రౌండు. స్క్రిప్టు 612 పదాలొచ్చింది, ఎలా చదివినా నాలుగున్నర నిమిషాలకి తగ్గట్లేదు. మీ సూపర్‌వైజరేమో “మరీ పలచన చేసేశావు” అంటున్నారు, మీ రూమ్మేటేమో “ఒక్క ముక్క అర్థం కాలేదు” అంటోంది. ఎవరి మాట వినాలి, యాస సంగతి ఏం చెయ్యాలి అని మీ ప్రశ్న.

రూమ్మేటు మాట వినండి. సూపర్‌వైజరు అన్నదాంట్లో కూడా ఒక విషయముంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేనెవరో చెప్పి మొదలుపెడతాను. ఇదే దేశంలో సివిల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేశాను. ఈ పోటీలో రెండుసార్లు నిలబడ్డాను, మొదటిసారి అనర్హుడినయ్యాను. ఆ తర్వాత ఏడేళ్లుగా విద్యార్థుల చేత ఈ మూడు నిమిషాలు సాధన చేయిస్తున్నాను. నాలుగైదుసార్లు జడ్జి కుర్చీలో కూడా కూర్చున్నాను. కాబట్టి బల్లకి రెండు వైపులా ఎలా ఉంటుందో తెలుసు.

ఈ పోటీ పుట్టింది మీరున్న రాష్ట్రంలోనే. అప్పట్లో క్వీన్స్‌లాండ్‌లో గట్టి కరువు. నీళ్లు పొదుపు చెయ్యమంటే జనం స్నానాల గదిలో గోడకి మూడు నిమిషాల ఇసుక గడియారం తగిలించుకునేవాళ్లు, గుడ్లు ఉడకబెట్టేటప్పుడు పెట్టుకునే రకం. అది చూసి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం గ్రాడ్యుయేట్ స్కూలు డీన్ ఆలన్ లాసన్‌కి ఈ ఆలోచన వచ్చిందట. 2008లో అక్కడే మొదటి పోటీ జరిగింది. ఇప్పుడు ఎనభై పైచిలుకు దేశాల్లో జరుగుతోంది. చెంబు నీళ్లతో స్నానం ముగించడం కరువు సీమలో పుట్టిన మనకి కొత్త కాదు గానీ, థీసిస్‌ని చెంబుడు నీళ్లలో ముంచి తియ్యడం మాత్రం ఎవరికైనా కష్టమే.

ఎంత కష్టమో లెక్కలో చూడండి. 80,000 పదాల థీసిస్‌ని పైకి చదివితే 9 గంటలు పడుతుందని ఈ పోటీ పెట్టినవాళ్లే చెప్పుకుంటారు. మీకిచ్చేది 3 నిమిషాలు. అంటే నూట ఎనభై పాళ్లలో ఒక పాలు. ఈ నిష్పత్తిలో ఏదీ కుదించలేం. పాలు మరగబెడితే కోవా అవుతుంది నిజమే, కానీ బిందెడు పాలు ఉగ్గుగిన్నెలోకి వచ్చేదాకా మరిగిస్తే మిగిలేది మాడు వాసనే. మీ 612 పదాల్లో నాకు కనపడింది అదే. అన్ని అధ్యాయాల నుంచీ తలా రెండు వాక్యాలు తెచ్చారు: శిలీంధ్రం, జన్యువులు, నేల ఉష్ణోగ్రత, ఎగుమతి నష్టాలు, మీ నాలుగు ప్రయోగాలు, భవిష్యత్తు పని. ఏదీ వదల్లేదు. అందుకే మీ రూమ్మేటుకి ఏదీ అందలేదు.

మీ స్క్రిప్టు మొదటి వాక్యం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంది: “కోతకు ముందు దశలో అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం సోకడం వల్ల వేరుశనగలో ఉత్పత్తయ్యే ద్వితీయ జీవక్రియా పదార్థమైన అఫ్లటాక్సిన్, ప్రపంచవ్యాప్తంగా ఆహార భద్రతకు ముప్పుగా పరిణమించింది.” జర్నల్ పేపరుకైతే దీనికి వంక పెట్టను. హాల్లో కూర్చున్న చరిత్ర ప్రొఫెసరు మాత్రం ‘ద్వితీయ జీవక్రియా’ దగ్గరే మిమ్మల్ని వదిలేసి తన ఫోను వైపు వెళ్లిపోతాడు.

మీది అనంతపురం వైపు అని రాశారు కాబట్టి అడుగుతున్నాను. ఇంట్లో ఉడకబెట్టిన చెనిక్కాయలు ఒలుచుకు తింటూ ఉంటే మధ్యలో ఒక చేదు పప్పు తగులుతుంది చూడండి, అప్పుడేం చేస్తారు? ఉమ్మేసి, ఆ చేదు పోవడానికి వెంటనే ఇంకో రెండు నోట్లో వేసుకుంటారు. బ్రిస్బేన్‌లో పబ్బులో కూర్చుని పల్లీలు నమిలేవాడూ అదే చేస్తాడు. కింగరాయ్‌లో వేరుశనగ పండించే రైతూ అదే చేస్తాడు. మీ ప్రసంగం అక్కడ మొదలుపెట్టండి: “చేదు పప్పు తగిలితే ఉమ్మేస్తాం. చేదంటే మన నోరు మనకిచ్చే హెచ్చరిక. నేను మూడేళ్లుగా వెంటాడుతున్న విషానికి చేదు లేదు. వాసన లేదు. రంగు మారదు. వేయించినా పూర్తిగా పోదు.”

ఇంగ్లీషులో ఇది నలభై పదాలు దాటదు. ఇందులో అబద్ధం లేదు, అతిశయం లేదు, లాటిన్ పేరు లేదు. అయినా హాల్లో ప్రతివాడికీ ఒకటే ప్రశ్న పుడుతుంది: “మరి కనిపెట్టేదెలా?” ఆ ప్రశ్న మీరు అడక్కూడదు, వాళ్లలో పుట్టాలి. పుట్టాక మిగతా రెండున్నర నిమిషాలూ దానికి జవాబు చెప్పడమే మీ పని. ఆ జవాబుకి పనికిరానిది ఎంత గొప్పదైనా బయటికే.

ఈ లెక్కన మీ స్క్రిప్టులో పోయేవి: జన్యువుల పేరా మొత్తం, ఎగుమతి నష్టాల పేరా, భవిష్యత్తు పని. నాలుగు ప్రయోగాల్లో మూడు. మిగిలేది ఒక్కటే: కాయ ఊరే చివరి వారాల్లో వాన మొహం చాటేసి నేల కాగినప్పుడు కొన్ని రకాల్లో విషం ఎక్కువ చేరుతుంది, కొన్నిట్లో తక్కువ, ఆ తేడా ఎందుకో మీరు వెతుకుతున్నారు. అంతే. ఆ మూడు ప్రయోగాలకీ మీరు పడ్డ కష్టం నాకు తెలుసు, వేళ్లు పగిలేలా కాయలు ఒలిచి ఉంటారు. కానీ ఆ కష్టానికి మార్కులు థీసిస్‌లో పడతాయి, ఇక్కడ పడవు.

1960 టర్కీ కోళ్ల కథ ఉంచాలా తీసెయ్యాలా అని అడిగారు. ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ పిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోవడం, రోగమేమిటో తెలియక దానికి ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టడం, చివరికి వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర అఫ్లటాక్సిన్ అనే దొంగ దొరకడం... మంచి కథే. చాలామంది ఇదే విషయం మీద మాట్లాడుతూ అక్కడే మొదలుపెడతారు. నేనైతే తీసేస్తాను. ఆ కథ చెప్పడానికి కనీసం ముప్పై సెకన్లు కావాలి. పైగా అది మీ పరిశోధన కాదు, అరవై ఏళ్ల కిందట ఇంకెవరో కనిపెట్టింది. కథ బాగుందని హాలు దాన్నే గుర్తుపెట్టుకుంటే మీరు చేసిన పని మరుగున పడుతుంది.

అంకెల విషయానికొస్తే, ‘కిలోకి 15 మైక్రోగ్రాములు’ అన్న పరిమితి మీ స్క్రిప్టులో రెండుసార్లు ఉంది. నిజమే, ప్రాసెసింగుకి వెళ్లే వేరుశనగకి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు అది. కానీ మైక్రోగ్రాము ఎవరి కంటికీ ఆనదు. దాన్ని ఇలా తిప్పండి: పది టన్నులు పట్టే లారీలు వంద వరసగా నిలబెట్టండి, అన్నిట్లోనూ పల్లీలే. ఆ వంద లారీల్లో కలిసి ఈ విషం మొత్తం పదిహేను గ్రాములు, అంటే టీలో వేసుకునే చెంచాతో మూడు చెంచాల పంచదారంత, దాటిందంటే ఆ సరుకు హద్దు మీరినట్టే. కాగితం మీద ఒకసారి మీరే లెక్క వేసి చూసుకోండి. నన్ను నమ్మి వేదికెక్కొద్దు, ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. ఇలాంటి అంకె మూడు నిమిషాల్లో ఒక్కటి చాలు. రెండోది చెబితే మొదటిది మర్చిపోతారు.

ఇప్పుడు సూపర్‌వైజరు సంగతి. “పలచన చేశావు” అన్న మాటని కొట్టిపారెయ్యకండి. జడ్జీల చేతికిచ్చే కాగితంలో రెండు భాగాలుంటాయి: విషయం ఎంత అర్థమయ్యేలా చెప్పారు, వినేవాళ్లని ఎంత కట్టిపడేశారు. రెండో భాగంలోనే ఒక ప్రశ్న ఉంటుంది, పోటీదారులు చాలామంది దాన్ని చూడరు: పరిశోధనని చులకన చెయ్యకుండా, ఉన్నదానికంటే సాగదియ్యకుండా చెప్పారా అని. అంటే సులువుగా చెప్పడం వేరు, తేల్చిపారెయ్యడం వేరు. అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్ తెప్పించగలదని చెప్పండి, అది స్థిరపడిన విషయం. “మీరు నిన్న తిన్న పల్లీపట్టీలో క్యాన్సరుంది” అనొద్దు. మీ రెండు రకాల్లో విషం తక్కువ చేరిందని చెప్పండి. “సమస్యకి పరిష్కారం దొరికింది” అనొద్దు. ఒక సంవత్సరం జడ్జీగా ఉన్నప్పుడు ఒకబ్బాయి గొంతు, నడక, స్లైడు అన్నీ అద్భుతం, చివర్లో మాత్రం ఒక రోగాన్ని ప్రపంచం నుంచే తరిమేశాడు. నా పక్కన కూర్చున్నావిడ అదే రంగంలో మనిషి. పెన్ను మూత పెట్టేసింది.

సూపర్‌వైజర్‌కి స్క్రిప్టు చూపించి “బాగుందా” అని అడగొద్దు. “ఇందులో తప్పేదైనా ఉందా” అని మాత్రమే అడగండి. బాగుందో లేదో చెప్పాల్సింది ఆయన కాదు.

ఎవరు చెప్పాలి మరి? నా అనుభవం చెబుతాను. నా థీసిస్ కొత్తగా పోసిన కాంక్రీటు తొలి గంటల్లో తడి ఆరిపోయి ఎందుకు చీలుతుంది అన్నదాని మీద. మా నాన్న తాపీమేస్త్రి. మొదటి డ్రాఫ్టు రాశాక ఒక ఆదివారం ఫోన్లో ఆయనకి పది నిమిషాలు వివరించాను, బాష్పీభవనం, కేశనాళికల ఒత్తిడి, అన్నీ. మొత్తం విని, “గోనెసంచులు కప్పి తడిపేది అందుకే కదరా. దానికి ఆస్ట్రేలియా దాకా పోవాల్నా?” అన్నాడు. ఆ రాత్రి స్క్రిప్టు చించేసి ఆ వాక్యంతోనే మళ్లీ మొదలుపెట్టాను: గోనెసంచి ఎందుకు కప్పాలో మా నాన్నకి తెలుసు, ఎప్పటిదాకా కప్పాలో ఎవరికీ సరిగ్గా తెలియదు, నేను చేస్తున్నది ఆ లెక్క.

అదే వాక్యం నన్ను అనర్హుణ్ణి కూడా చేసింది. ఇంట్లో అద్దం ముందు 2 నిమిషాల 55 సెకన్లలో ముగిసేది, పక్కాగా. వేదిక మీద “ఆస్ట్రేలియా దాకా పోవాల్నా” అనగానే హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. మంచి మర్యాద! తర్వాత ఇంకోచోట కూడా నవ్వారు, అక్కడ నవ్వుతారని నేననుకోనే లేదు. చివరి వాక్యం సగంలో ఉండగా గంట మోగింది. మూడు నిమిషాలు దాటితే ఈ పోటీలో మార్కులు తగ్గించరు, పోటీలోంచే తీసేస్తారు. అద్దం నవ్వదు కదా, ఆ లెక్క నాకు తట్టలేదు. మీరు ఇంట్లో 2 నిమిషాల 40 సెకన్లకి ముగించేలా పెట్టుకోండి. ఇంగ్లీషులో 370, 380 పదాలు. తెలుగులో చెప్పే పోటీ ఏదైనా తగిలితే ఆ లెక్క పనికిరాదు. మన పదాలు పొడుగు, విభక్తులూ ప్రత్యయాలూ అన్నీ ఒంటికి తగిలించుకునే తిరుగుతాయి. నేను గడియారం పెట్టి చూసుకుంటే 250 చుట్టుపక్కలకే సరిపోయింది.

గడియారం ఎప్పుడు మొదలవుతుందో కూడా తెలుసుకోండి. మీరు మాటతో గానీ, కదలికతో గానీ ప్రసంగం మొదలుపెట్టిన క్షణం నుంచి. కాబట్టి వేదిక మధ్యకి మామూలుగా నడిచి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి, ఒకసారి గాలి పీల్చుకుని అప్పుడు నోరు తెరవండి. ఆ రెండు సెకన్లు మీకు యుగంలా ఉంటాయి, చూసేవాళ్లకి మాత్రం మీరు నింపాదిగా ఉన్నట్టు కనపడతారు.

స్లైడు ఒక్కటే ఉండాలి, కదలకూడదు, మొదటినుంచీ తెర మీద ఉంటుంది. శబ్దం, వీడియో కుదరవు. చేత్తో వస్తువులు తేకూడదు, కాబట్టి మీరు అనుకున్న చెనక్కాయల గంప ఇంట్లోనే పెట్టండి. పాట, పద్యం, ర్యాప్ కూడా నిషేధం. ఇప్పుడున్న మీ స్లైడులో రెండు గ్రాఫులూ ఒక పట్టికా ఉన్నాయి. జనం వాటిని చదువుతారు, చదువుతున్నంతసేపూ మీరు చెప్పేది వినరు. అన్నీ తీసేసి రెండు పల్లీ గింజల ఫొటో పెట్టండి, పెద్దగా, పక్కపక్కన, ఒకేలా ఉన్నవి. ఒకటి మంచిది, ఒకటి విషం చేరింది. కింద ఏమీ రాయకండి. చివర్లో “ఇందులో ఏది తినొచ్చో ఇప్పటికీ నా కంటితో చెప్పలేను” అనొచ్చు, అదీ నిజమైతేనే. ఫొటోలోవి మీ ల్యాబులో పరీక్షించిన గింజలే అయ్యుండాలి, ఇంటర్నెట్‌లో దొరికినవి కాదు.

సాధనకి నేను నా విద్యార్థుల చేత ఆడించే ఆట ఒకటుంది, అవధానం నుంచి ఎత్తుకొచ్చాను. నిషిద్ధాక్షరి తెలుసు కదా, అవధాని పద్యం అల్లుతుంటే తర్వాత ఏ అక్షరం వేస్తాడో ఊహించి పృచ్ఛకుడు దాన్నే వద్దంటాడు, అవధాని పక్కదారి వెతుక్కోవాలి. మీ రూమ్మేటుని పృచ్ఛకురాలిగా కూర్చోబెట్టండి. మీరు చెప్పుకుంటూ పోతుంటే తనకి తెలియని పదం రాగానే బల్ల మీద కొడుతుంది. మీరు ఆగకుండా, వాక్యం మధ్యలోనే, ఆ మాట వాడకుండా పూర్తి చెయ్యాలి. మొదటిరోజు ఏడుపొస్తుంది. వారం తిరిగేసరికి ‘శిలీంధ్రం’ బదులు ‘బూజు’, ‘నీటి ఎద్దడి’ బదులు ‘దాహం’ వాటంతటవే నోటికొస్తాయి. అఫ్లటాక్సిన్ అన్న ఒక్క మాటా ఉంచుకోండి, అది మీ కథలో విలన్ పేరు, పేరు లేని విలన్ ఎవరికీ గుర్తుండడు. మిగిలిన లాటిన్ అంతా పోవాల్సిందే.

స్క్రిప్టుని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టకండి. ఒక పదం జారితే వెనకున్న రైలు మొత్తం పట్టాలు తప్పుతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠతా రావాలి. మధ్యలో అయిదు మజిలీలు పెట్టుకోండి: చేదు, లారీలు, ఎండిన నేల, నా రకాలు, రైతు. ఎక్కడ ఆగిపోయినా తర్వాతి మజిలీ మాట పట్టుకుని లేవొచ్చు. వదిలేసిన వాక్యమేదో మీకు తప్ప హాల్లో ఎవరికీ తెలియదు.

యాస. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు దీని గురించే ఎక్కువ దిగులు పడతారు, అది కూడా తప్పుచోట. మీ ట, డల మీద ఎవరికీ అభ్యంతరం లేదు. హాల్లో సగంమంది తలా ఒక యాస మాట్లాడేవాళ్లే. ఇబ్బంది రెండుచోట్ల వస్తుంది. ఒకటి వేగం: భయపడితే మనం పరిగెత్తుతాం, ఇంగ్లీషులో అయితే ఇంకా. పదాలు కోసేస్తే వేగం దానంతటదే తగ్గుతుంది, అందుకే ముందు కొయ్యమన్నది. రెండోది బరువు. తెలుగులో ఒక మాటలోని అక్షరాలన్నిటి మీదా ఇంచుమించు ఒకే బరువు పెడతాం. ఇంగ్లీషు చెవి మాత్రం పదంలో ఒకచోట నొక్కు కోసం చూస్తుంది, అది దొరక్కపోతే తెలిసిన పదమైనా పోల్చుకోదు. మీ స్క్రిప్టులో ముఖ్యమైన ఓ పదిహేను పదాలు ఎంచుకుని నొక్కాల్సినచోట ఎర్ర సిరాతో గీత పెట్టుకోండి. నిఘంటువులో శబ్దం నొక్కి వినండి, పదిసార్లు పలకండి. మొత్తం యాస మార్చాలని చూడొద్దు. దొంగ ఆస్ట్రేలియన్ యాసతో మాట్లాడిన ఒకమ్మాయి ముఖంలో నవ్వు కూడా అరువు తెచ్చుకున్నట్టే ఉంది, పాపం.

ఇక్కడ ఇంకొక్క మాట, మన దేశంలోనే పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ల కోసం. మీ సంస్థలో ఈ పోటీ లేకపోతే నోటితో కాకుండా రాతతో మొదలుపెట్టొచ్చు. 2018లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ‘అవ్‌సర్’ అని ఒక పోటీ పెట్టింది, పరిశోధకులు తమ పనిని మామూలు పాఠకులకి కథలా రాసి పంపడం. రాసినా చెప్పినా ఒక ప్రశ్న ఎంచుకుని మిగతావి కొయ్యడం మాత్రం ఒకటే.

మీకు నా సలహా ఇది: ఈ వారాంతంలో పాత స్క్రిప్టు తెరవకుండా, చేదు పప్పు దగ్గర మొదలుపెట్టి కొత్తగా రాయండి. 380 దాటనివ్వొద్దు. రాశాక ఇక్కడే పెట్టండి, చూస్తాను. పాతదాంట్లోంచి ఒక్క వాక్యం మాత్రం తెచ్చుకోవచ్చు, మూడో పేజీలో బ్రాకెట్లో దాచేశారు: మీ తాతగారు వాన రాని ఏడు విత్తనాల కోసం తీసిపెట్టిన కాయలు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవారని, గలగలమంటే పక్కన పడేసేవారని. దాన్ని బ్రాకెట్లోంచి తీసి ఆఖరి పది సెకన్లలో పెట్టండి. ఆయన చెవికి కూడా వినపడనిదాన్ని మీరు వెతుకుతున్నారు. అది చెప్పి, ‘థాంక్యూ’ కూడా అనకుండా, ఊరికే నిలబడండి.